పదిహేడు డిగ్రీల ఎనిమిది నిమిషాలు

సోడియం దీపం స్విచ్చి వెయ్యగానే పసుపు రంగు రాదు. ముందు గులాబీ రంగులో బిక్కుబిక్కుమంటూ వెలుగుతుంది. పది నిమిషాలు ఓపిక పడితే లోపలి సోడియం వేడెక్కి ఆవిరవుతుంది, అప్పుడు నెమ్మదిగా పసుపు పచ్చగా నిండుతుంది. ఈ సంగతి గుర్తులేని పిల్లలు ఏటా ప్రాక్టికల్ పరీక్ష రోజున "అక్కా, మా దీపం పోయింది" అని గొంతు చించుకుంటారు. వాళ్ళకి ఏటా ఒకటే జవాబు.

"పోలేదే తల్లీ, నిద్ర లేస్తోంది. నువ్వు మాత్రం లేచీ లేవగానే మెరిసిపోతావా ఏంటి?"

ఆమెను కాలేజీలో అందరూ దీపాలక్క అంటారు. ఫిజిక్సు ల్యాబులో అటెండరు. కిటికీలకు నల్లతెరలు బిగించడం, ఆరు బల్లల మీద ఆరు స్పెక్ట్రోమీటర్లు సర్దడం, దీపాలు వెలిగించడం, గంట కొట్టడం ఆమె పని. చదివింది పదో తరగతే. అయితేనేం, స్పెక్ట్రోమీటరు మరలు ఆమె వేళ్ళకి తెలిసినట్టు ఆ కాలేజీలో ఇంకెవరి వేళ్ళకీ తెలియవు.

యంత్రం చూడ్డానికి భయపెడుతుంది గానీ పని తేలికే. ఒక గొట్టం చివర సన్నటి చీలిక. దీపం వెలుగు ఆ చీలికలోంచి లోపలికి పోతుంది. మధ్యలో గుండ్రటి పీట మీద గ్రేటింగు నిలబెట్టి ఉంటుంది. అదొక గాజుపలక. దానిమీద మిల్లీమీటరు మేరలో వందల గీతలు, కంటికి ఆననంత దగ్గర దగ్గరగా. వెలుగు ఆ గీతల్లోంచి దూరేటప్పుడు పక్కకి విరుగుతుంది. ఎంత కోణంలో విరిగిందో టెలిస్కోపు తిప్పి చూసి, అంచున ఉన్న కొలబద్ద మీద చదువుకోవాలి. ఆ కోణాన్ని బట్టి, మిల్లీమీటరుకి గీతలెన్నో దాన్ని బట్టి, వెలుగు తరంగదైర్ఘ్యం లెక్క తేలుతుంది. సోడియం పసుపుకి అది ఐదువందల ఎనభైతొమ్మిది నానోమీటర్లు. సోడియం ఎక్కడ మండినా అంతే.

చిక్కల్లా ఇక్కడే. జవాబు అందరికీ ముందే తెలుసు. అందుకని ఆ ల్యాబులో వంట అనే పద్ధతి ఒకటి తరతరాలుగా సాగుతోంది. ఐదువందల ఎనభైతొమ్మిది దగ్గర మొదలుపెట్టి లెక్కని వెనక్కి నడిపిస్తే కోణం ఇరవై డిగ్రీల నలభైరెండు నిమిషాలు రావాలి. అదే వేసేస్తారు. నిజంగా కొలిచినట్టు కనబడాలని ఒకచోట నిమిషం ఎక్కువ, ఒకచోట నిమిషం తక్కువ. టెలిస్కోపుకి కన్ను పెట్టేది మేష్టారు అటువైపు వచ్చినప్పుడే.

ఆ ఉదయం నాలుగో బల్ల టైలరు కూతురికి పడింది. కాలేజీ గేటుకి ఎదురుగా కుట్టుమిషను పెట్టుకున్న టైలరు కూతురు కాబట్టి ఆ అమ్మాయికి ఆ పేరే ఖాయమైపోయింది. బక్కపలచగా ఉంటుంది, మాట తక్కువ. ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, టెలిస్కోపుని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతోంది. కొలబద్ద మీద భూతద్దం పెట్టింది. కాగితం మీద రాసింది. మళ్ళీ మొదటికొచ్చింది. దీపాలక్క గడపలో నిలబడి లెక్కపెట్టింది. మూడుసార్లు ఎడమవైపు, మూడుసార్లు కుడివైపు.

పక్క బల్ల అమ్మాయికి జాలేసింది. "ఏయ్, పిచ్చి మొద్దూ, ఎంతసేపు? ఇరవై నలభైరెండు వేసెయ్" అని గుసగుసలాడింది.

"కనిపిస్తే వేస్తాను. నాకు పదిహేడు ఎనిమిదే కనిపిస్తోంది" అంది టైలరు కూతురు.

"నీ ఖర్మ."

గంట కొట్టాక ఫిజిక్సు హెడ్డుగారు బల్లబల్లకీ వచ్చి కాగితాలు తీసుకున్నాడు. ఆయన పేరు దశాంశం సార్. మూడో దశాంశ స్థానం లేకపోతే అరమార్కు కోస్తాడు కాబట్టి పిల్లలు పెట్టిన బిరుదది. నాలుగో బల్ల దగ్గర ఆగిపోయాడు. కళ్ళజోడు పైకి తోశాడు. గది మొత్తానికీ వినబడేలా చదివాడు.

"నాలుగువందల తొంభై ఒకటి! పసుపు దీపానికి! ఇది నీలానికీ ఆకుపచ్చకీ మధ్య రంగమ్మా. ఆ దీపం నీ కంటికి ఏ రంగులో కనబడుతోంది?"

"పసుపే సార్."

"మరి ఈ లెక్కేంటి?"

"కోణం పదిహేడు ఎనిమిదే వస్తోంది సార్. మూడుసార్లు చూశాను."

"అబ్బో, మూడుసార్లే! దీపానికి కామెర్లు నయమైనట్టున్నాయి" అన్నాడు. గదంతా నవ్వింది. ఎర్రపెన్ను తీసి కాగితం పైన అడ్డంగా రాశాడు: 'ప్రయోగం చెయ్యలేదు. నోటికొచ్చిన అంకెలు వేసింది.' కింద గుండ్రంగా సున్నా చుట్టాడు. ప్రాక్టికల్లో సున్నా అంటే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా ఏడాది గోవిందా.

ప్రయోగం చేసింది ఆ గదిలో ఆ పిల్ల ఒక్కతే. చెయ్యలేదని రాసింది దాని కాగితం మీదే. గడపలో నిలబడ్డ దీపాలక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది.

*

పిల్లలు వెళ్ళిపోయాక ఆమె దీపాలు ఆర్పలేదు. గ్రేటింగులు పెట్టెల్లో సర్దాలి. ఒకటి, రెండు, మూడు. నాలుగో బల్ల దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ఆ ప్లాస్టిక్ చట్రంలో గాజు బిగించింది తనే. రెండేళ్ళ కిందట దశాంశం సార్ టేబుల్ అంచున పెట్టిన గ్రేటింగుని మోచేత్తో తనే తోసేశాడు. భళ్ళుమంది. వారంలో తనిఖీ ఉంది. "పాత చట్రంలో కొత్త గాజు ఎక్కించెయ్యి. రిజిస్టర్లో ఏమీ రాయక్కర్లేదు, గీతలు గీతలే" అన్నాడు. ఆమె సన్నటి పట్టకారుతో గాజు అంచు పట్టుకుని, వేలిముద్ర పడకుండా, ఊపిరి తగలకుండా బిగించింది. చట్రం మీద పాత చీటీ అలాగే ఉండిపోయింది: మిల్లీమీటరుకి 600.

ఖాళీ డబ్బాలు పారెయ్యడం ఆమెకి చేతకాదు. బీరువా అడుగున వెతికితే కొత్త గాజు వచ్చిన డబ్బా దొరికింది. అందులో ఇప్పుడు దుమ్ము తుడిచే మెత్తటి బ్రష్షు ఉంది. మూత మీద అచ్చులో స్పష్టంగా 500 అని ఉంది.

ఆమె టెలిస్కోపుకి కన్ను పెట్టింది. ఇన్నేళ్ళలో పిల్లలకి కుదిర్చి ఇచ్చిందే గానీ తనకోసం ఎప్పుడూ చదువుకోలేదు. ఎడమన పసుపు గీత మీద టెలిస్కోపు లోపలి అడ్డతీగ కుదిర్చి కోణం చదివింది. కుడివైపుకి తిప్పి చదివింది. తేడాలో సగం పదిహేడు డిగ్రీల ఎనిమిది నిమిషాలు. రెండో బల్ల దగ్గర అదే దీపం, అదే పని. ఇరవై నలభైరెండు. పాత బిల్లు వెనక పెన్సిలుతో లెక్క వేసింది. భాగహారం రెండుసార్లు తప్పింది, మూడోసారి తేలింది. ఆరువందలకి బదులు ఐదువందలు వేస్తే టైలరు కూతురి జవాబు ఐదువందల ఎనభైతొమ్మిది.

ఆమె ఆ అంకెని మళ్ళీ మళ్ళీ చదువుకుంది. పిల్లది గెలిచినందుకు కాదు. రెండేళ్ళుగా నాలుగో బల్ల మీద కూర్చున్న ప్రతివాళ్ళూ ఇరవై నలభైరెండే రాశారు. ఒక్కరికంటే ఒక్కరికైనా అనుమానం రాలేదు, తనతో సహా.

డబ్బా పట్టుకుని తిన్నగా హెడ్డుగారి గదికి వెళ్ళింది.

ఆయన డబ్బా మూత చదివాడు. తర్వాత మూత పెట్టేసి, డబ్బాని ఆమె వైపు మెల్లగా నెట్టాడు.

"ఇది నువ్వు దాచినట్టు నాకు తెలియదు" అన్నాడు.

"దాచలేదు సార్, పారెయ్యలేదు. ఆ పిల్ల లెక్క కరెక్టు సార్. గాజే వేరు. సున్నా కొట్టేస్తే సరిపోతుంది."

"కొట్టేస్తే ఎందుకు కొట్టేశానో రాయాలి. రాస్తే రెండేళ్ళ రికార్డులు బయటికి తియ్యాలి. ఎంతమంది పిల్లలో తెలుసా? వాళ్ళు ఉద్యోగాల్లో చేరిపోయారు కూడా. ఒక్క పిల్ల ఏడాది కోసం అందరి మొహానా బురద చల్లమంటావా?"

"ఆ పిల్ల ఏం తప్పు చేసింది సార్?"

"తప్పు సంగతి నువ్వు నాకు చెప్పకు. గాజు మార్చిందెవరు? నా చెయ్యా, నీ చెయ్యా? చీటీ మార్చకుండా వదిలేసిందెవరు? బయటికొస్తే ముందు ఊడేది ఎవరి ఉద్యోగమో ఆలోచించుకో. అటెండరుకి అంకెలెందుకమ్మా? దీపాలు చూసుకో."

ఆమె డబ్బా తీసుకుంది. జవాబు నోటిదాకా వచ్చింది గానీ బయటికి రాలేదు. ఆ సంగతి తలుచుకుని తర్వాత చాలాసేపు తనని తనే తిట్టుకుంది.

ల్యాబు బయట మెట్ల మీద టైలరు కూతురు కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నోటుబుక్కులో అదే లెక్క మళ్ళీ వేస్తోంది.

"ఇంటికెళ్ళలేదా?"

"ఎక్కడ తప్పానో చూసుకుంటున్నాను అక్కా. మా నాన్న టేపు పెట్టి చూసిన కొలతే రాస్తాడు. మనిషిని చూసి ఉజ్జాయింపుగా రాసేస్తే చొక్కా వాళ్ళకి పట్టదు, తిరిగొచ్చి మొహాన కొడతారు. అలవాటైపోయింది. పోనీ, వండేస్తే సరిపోయేది."

దీపాలక్క పక్కనే కూలబడింది. చెప్పెయ్యాలని ఉంది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. తలుపులోంచి గోడమీది పాత పటం కనిపిస్తోంది. ఎండని పట్టకంలోంచి చీలిస్తే వచ్చే రంగుల పట్టీ, దాని నిండా సన్నసన్నటి నల్లగీతలు.

"ఆ పటం చూశావా? ఆ గీతల్ని మొదటిసారి వరసగా లెక్కపెట్టినవాడు గాజు పనివాడు. ఫ్రౌన్‌హోఫర్ అని. ఇదివరకటి హెడ్డు, పెద్దసార్, చెప్పేవారు. చిన్నప్పుడే అమ్మానాన్న పోయారు, అద్దాల పనిలో పెట్టారు, ఆ ఇల్లు కూలి మీద పడితే శిథిలాల్లోంచి లాగారు. అలాంటివాడు మంచి గాజు తయారుచేద్దామని ఎండని పరీక్షిస్తుంటే ఈ గీతలు బయటపడ్డాయి. ఐదువందలకి పైగా గీతలు. సన్నతీగలు వరసగా చుట్టి గ్రేటింగులు చేసింది కూడా ఆయనే."

"చదువుకున్నవాడు కాదా?"

"పెద్ద చదువులేం లేవు. అందుకే పండితుల సభలో కూర్చోనిచ్చారు గానీ నోరు విప్పనివ్వలేదట."

"మరి ఆ నల్లగీతలేంటో ఆయనకి తెలిసిందా?"

"లేదు. ఆయన పోయిన చాలా ఏళ్ళకి ఇద్దరు స్నేహితులు తేల్చారు. ఒక్కో పదార్థం మండితే దాని గీతలు దాని చోటే పడతాయని. ఉప్పు మండిస్తే పసుపు గీత ఎక్కడ పడుతుందో, ఎండలో సరిగ్గా అక్కడే నల్లగీత. అంటే సూర్యుడిలోనూ సోడియం ఉందన్నమాట. ఆ ఇద్దరే ఊటనీళ్ళు టన్నులకొద్దీ మరగబెట్టి, మిగిలిన మడ్డిలో ఎవరూ ఎరగని నీలం గీతలు చూసి, కొత్త లోహం ఉందని చెప్పారు. గీత ఉన్నచోట ఉందనే రాశారు. ఎక్కడ ఉండాలో ముందే రాసుకుని ఉంటే ఏం తేలేది?"

టైలరు కూతురు నోటుబుక్కు మూసేసింది.

"రేపు పై సార్ వస్తారు, వైవాకి. నువ్వు చూసిందే చెప్పు. మార్చకు" అంది దీపాలక్క. ఆ మాట అనేశాక ఇంక వెనక్కి తగ్గే దారి లేదని ఆమెకే అర్థమైంది.

*

ఇంట్లో అత్తగారు బఠానీలు ఒలుస్తోంది. ఆవిడ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు ఆయాగా చేసి దిగింది. ఎవరికీ భయపడింది లేదు. కోడలు చెప్పిందంతా చేతులాపకుండా విన్నది.

"ఆ గాజు పగలగొట్టిందెవరు?"

"హెడ్డుగారు."

"మార్చింది?"

"నేనే."

"ఆ పిల్లేం చేసింది?"

"కొలిచింది."

"కొలిచినదానికి సున్నా, పగలగొట్టినవాడికి కుర్చీ. బాగుందే అమ్మాయ్ మీ చదువుల కొంప!"

"బయటపెడితే ముందు నా ఉద్యోగమే ఊడుతుంది అత్తయ్యా."

"ఊడితే ఊడనీ. రా, ఇక్కడ కూర్చుని బఠానీలు ఒలుద్దువుగాని. ఇంకా రెండు కిలోలున్నాయి." ఆవిడ ఒక కాయ పగలదీసి గింజలు గిన్నెలో రాల్చింది. "కానీ నువ్వు చేసిందీ తప్పే. అది కూడా నీ నోటితో నువ్వే చెప్పు. వాడికి ఆ సందు ఇవ్వకు."

దీపాలక్కకి చురుక్కుమంది. అయినా ఆ మాటతో మనసు తేలికపడింది కూడా. ఇంతలో పొయ్యి మీద ఉప్పునీళ్ళు పొంగి మంట మీద పడ్డాయి. నీలంగా ఉన్న మంట ఒక్కసారిగా పసుపైపోయింది. ఆమె గిన్నె దించడం మరిచిపోయి దానివైపే చూసింది.

"నీళ్ళు పొంగుతుంటే గుడ్లప్పగించి చూస్తావేంటి!" అత్తగారు కసిరింది.

"దీపం గదికి తాళం వేసినా ఫరవాలేదు అత్తయ్యా" అంది కోడలు. ఉప్పుడబ్బా మూత తీసి, గుప్పెడు కాగితంలో పొట్లం కట్టుకుంది.

*

ఆమె అనుకున్నదే జరిగింది. మర్నాడు గడప తొక్కగానే దశాంశం సార్ చెయ్యి చాచాడు. "తాళాలు ఇలా ఇవ్వు. ఇవాళ నువ్వు బయట గంట దగ్గర కూర్చో. లోపలికి రానక్కర్లేదు."

ఆమె ఇచ్చేసింది. కుర్చీ గంట కిందకి లాక్కుని కూర్చుంది. కొంగు ముడిలో ఉప్పు పొట్లం, కుర్చీ కింద రసాయనశాల అటెండరుని అడిగి తెచ్చుకున్న స్పిరిట్ దీపం, సంచిలో ఖాళీ డబ్బా.

పై సార్ అంటే వేరే కాలేజీ నుంచి వచ్చే పరీక్షకుడు. పిల్లల్ని ప్రశ్నలడిగి, మార్కుల పట్టిక మీద ఆకుపచ్చ సిరాతో సంతకం చెయ్యడం ఆయన పని. ముసలాయన, మోకాళ్ళ నొప్పులు, ధ్యాసంతా నాలుగింటి బస్సు మీద. లోపల రెండో జట్టు పరీక్ష రాస్తుంటే, తలుపు పక్కనే బల్ల వేసుకుని నిన్నటి జట్టుని ఒక్కొక్కరినీ పిలుస్తున్నాడు. తలకి రెండు ప్రశ్నలు, ఒక టిక్కు. మధ్యాహ్నం దాటాక టైలరు కూతురి వంతు వచ్చింది.

"సోడియం పసుపు తరంగదైర్ఘ్యం ఎంత?"

"ఐదువందల ఎనభైతొమ్మిది సార్."

"మరి తెలిసే నాలుగువందల తొంభై ఒకటి రాశావా?"

"కొలిస్తే వచ్చింది రాశాను సార్. నాలుగో బల్ల మీద కోణం పదిహేడు ఎనిమిదే."

దశాంశం సార్ నవ్వాడు. "చూశారా సార్, ఎంత మొండో? ప్రయోగం చెయ్యలేదు, పైగా వాదన."

పై సార్ నిట్టూర్చి ఆకుపచ్చ పెన్ను మూత తీశాడు.

అప్పుడు గంట మోగింది.

మామూలుగా మోగలేదు. దీపాలక్క రెండు చేతులతో తాడు పట్టుకుని ఆపకుండా వాయించింది. లోపల పిల్లలు టైమైపోయిందనుకుని కలాలు దించేశారు. గడియారం చూసి నోరెళ్ళబెట్టారు. పై సార్ పెన్ను గాల్లోనే ఆగిపోయింది.

"మతి పోయిందా నీకు? ఇంకా గంట టైముంది!" దశాంశం సార్ గుడ్లురిమాడు.

ఆమె తాడు వదిలేసి, సంచి భుజాన వేసుకుని, స్పిరిట్ దీపం చేతపట్టుకుని లోపలికి నడిచింది.

"సార్, ఆ సంతకం పెట్టేముందు నాలుగో బల్ల మీద ఒక్కసారి కన్ను పెట్టండి. అందులో ఉన్న గాజు వేరు, చీటీ మీద రాసిన గాజు కాదు. మార్చింది నేనే."

"పరీక్ష గదిలో నోరు విప్పే అర్హత నీకు లేదు, బయటికి నడు!"

"సరే, నోరు విప్పను సార్. ఆయన్ని చూడమనండి చాలు."

"కొలతల టైమైపోయింది, దీపాలన్నీ దీపం గదిలో పెట్టి తాళం వేశాం. ఇప్పుడు తియ్యడం కుదరదు."

"తియ్యొద్దు. ఉప్పు తెచ్చుకున్నాను."

ఆమె పొట్లం విప్పి, గ్లాసులో నీళ్ళు పోసి ఉప్పు కలిపింది. స్పిరిట్ దీపం వత్తి పైభాగాన్ని ఆ నీళ్ళతో బాగా తడిపింది. అగ్గిపుల్ల గీసింది. ఒక క్షణం చిటపటలాడి మంట పసుపు పచ్చగా లేచింది. దాన్ని తీసుకెళ్ళి నాలుగో బల్ల మీద చీలికకి ఎదురుగా పెట్టింది. వెళ్ళి నల్లతెర లాగింది. పిల్లల మొహాలన్నీ ఆ పసుపులో పాలిపోయి కనిపించాయి.

పై సార్ మోకాళ్ళ మీద చేతులానించి లేచాడు. న్యాయం కోసం లేచాడని చెప్పలేం. "ఇలా ఉప్పు మంటలో సోడియం చూసి నలభై ఏళ్ళయింది" అని గొణుక్కుంటూ వచ్చి టెలిస్కోపుకి కన్ను పెట్టాడు. పెట్టాక మాత్రం త్వరగా తియ్యలేదు. ఎడమ, కుడి. భూతద్దం. మళ్ళీ ఎడమ. చొక్కాజేబులోంచి చిన్న కాగితం తీసి రాసుకున్నాడు.

"పదిహేడు ఎనిమిది" అన్నాడు.

"యంత్రం వంకరపోయి ఉంటుంది సార్, ఈవిడేదో కెలికింది" అన్నాడు దశాంశం సార్.

పై సార్ మాట్లాడకుండా రెండో బల్ల దగ్గరికెళ్ళి అక్కడి గ్రేటింగు తీసుకొచ్చి, నాలుగో బల్ల పీట మీద నిలబెట్టాడు. అదే మంట, అదే యంత్రం. చాలాసేపు చూశాడు. "ఇరవై నలభైరెండు. యంత్రానికి ఏ రోగమూ లేదు."

దీపాలక్క డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. మూత మీది అంకె అందరికీ కనబడింది.

"రెండేళ్ళ కిందట హెడ్డుగారి చేతిలో పాత గాజు పగిలింది. కొత్తది నేను బిగించాను. చీటీ మార్చలేదు, రిజిస్టర్లో రాయలేదు. రాయొద్దన్నారు, నేను సరే అన్నాను. నా తప్పు నాది. కానీ ఈ పిల్లకి తప్పు లేదు."

దశాంశం సార్ ఏదో అనబోయాడు. పై సార్ చెయ్యెత్తి ఆపాడు.

"రెండేళ్ళంటున్నారు. మరి ఇంతకాలం ఈ బల్ల మీద పిల్లలకి ఏం వచ్చింది?"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఆమె తాళం వెయ్యని కాగితాల బీరువా తెరిచింది. కింద నుంచి రెండో అర, ఎడమ పక్క. పోయినేటి కట్ట తెచ్చి ముడి విప్పి నాలుగో బల్ల కాగితాలు వేరు చేసింది. పై సార్ ఒక్కొక్కటే తిప్పాడు. ఇరవై నలభైరెండు. ఇరవై నలభైఒకటి. ఇరవై నలభైమూడు. ఇరవై నలభైరెండు. లేని చోట గీతని అంతమంది చూశారు. ప్రతి కాగితం చివర ఆకుపచ్చ సిరాతో సంతకం ఉంది.

అది ఆయన సంతకమే.

ముసలాయన కాగితాలు మళ్ళీ వరసలో పెట్టాడు. కట్ట మూసేశాడు. గొంతు తగ్గించి టైలరు కూతురిని దగ్గరికి పిలిచాడు.

"చూడమ్మా, నీకు పూర్తి మార్కులు వేస్తాను. ఈ కాగితం చింపేద్దాం. కొత్త కాగితం మీద చక్కగా ఐదువందల ఎనభైతొమ్మిది రాసివ్వు. నీ ఏడాది నిలబడుతుంది, ఎవరికీ ఏ గొడవా ఉండదు."

టైలరు కూతురు దీపాలక్క వైపు చూసింది. దీపాలక్క మొహం తిప్పుకోలేదు గానీ, తల ఊపనూ లేదు. ఏడాది ఆ పిల్లది. ఆ జవాబూ ఆ పిల్లదే కావాలి.

"చింపొద్దు సార్" అంది టైలరు కూతురు. "నేను కొలిచింది కరెక్టు. తప్పు చీటీది. చీటీ దిద్దండి. నా లెక్క కింద ఐదువందలు వేసి ఇంకో లెక్క చేస్తాను, పైది మాత్రం కొట్టను. ప్రయోగం చెయ్యలేదని ఎర్ర ఇంకుతో రాశారు కదా సార్, దాని సంగతి కూడా చూడండి."

ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగకుండా దీపాలక్క నాలుగో బల్ల గ్రేటింగు తీసుకుని గోటితో పాత చీటీ గీకింది. రెండేళ్ళ జిగురు, తేలిగ్గా ఊడలేదు. ముక్కలు ముక్కలుగా గీకి, కొత్త చీటీ అంటించి 500 అని రాసింది. తర్వాత స్టాకు రిజిస్టరు తెరిచింది. ఇన్నేళ్ళూ ఆ పుస్తకం మోసింది, దుమ్ము దులిపింది, అందులో ఒక్క అక్షరం రాయలేదు. ఏ గాజు ఎప్పుడు పగిలింది, ఎవరి చేతిలో, ఎవరు మార్చారు, మొత్తం రెండు వరసల్లో రాసి, కింద పొడుగ్గా సంతకం పెట్టింది.

ఈలోగా టైలరు కూతురి రెండో లెక్క పూర్తయింది. ఐదువందల ఎనభైతొమ్మిది. పైన నాలుగువందల తొంభై ఒకటి చెక్కుచెదరకుండా ఉంది. పై సార్ రెండూ చూశాడు. గడియారం నాలుగు దాటి పది నిమిషాలైంది. పెన్ను తీసి ఎర్ర అక్షరాల కింద ఆకుపచ్చ సిరాతో రాశాడు: 'ఈ కొలతలు నేను స్వయంగా సరిచూశాను. ప్రయోగం చేసింది.' సున్నా కొట్టేసి మార్కులు వేశాడు. పోయినేటి కట్టకి మాత్రం తనే ముడి వేసి, ఎవరి మొహమూ చూడకుండా దీపాలక్క చేతికిచ్చాడు. ఆయన చెయ్యగలిగింది అంతవరకే.

ఆ రోజు నాలుగో బల్ల దగ్గర కూర్చున్న అబ్బాయి కాగితం మీద అప్పటికే ఇరవై నలభైరెండు ఉంది. వాడు దాన్ని మోచేత్తో కప్పుకుంటూ మెల్లగా అడిగాడు.

"అక్కా, ఇంకా గంట ఉందన్నారు కదా?"

"ఉంది నాయనా. కన్ను పెట్టి చూడు" అంది దీపాలక్క. పై సార్ దీపం గది తాళం తీయించాడు. ఆ పూట ఆరు బల్లల దగ్గరా పిల్లలు మెడలు నొప్పెట్టేదాకా వంగే ఉన్నారు.

*

మూడో రోజు ఆమెకి మెమో వచ్చింది. పరీక్ష గదిలో అనుమతి లేకుండా ప్రవేశించుట, సమయం కాకుండా గంట కొట్టుట, మంట వెలిగించుట, రిజిస్టరులో అధికారం లేకుండా రాయుట. 'ఏ అర్హతతో ఈ పనులు చేసితిరో సాయంత్రంలోగా రాతపూర్వకంగా తెలుపవలెను.' కింద దశాంశం సార్ సంతకం.

"క్షమాపణ రాసి పడెయ్యవే, వదిలేస్తారు" అన్నాడు ఆఫీసు గుమాస్తా, మంచి మనసుతోనే. "పెద్దవాళ్ళతో మనకెందుకు?"

గాజు మార్చి నోరు మూసుకున్నందుకు క్షమాపణ అడిగితే రాసేదే. మెమోలో ఆ మాటే లేదు.

ఆమె మెమో మడిచి జాకెట్లో దోపుకుని ల్యాబుకొచ్చింది. తాళాలు పై సార్ వెళ్ళేటప్పుడే తిరిగి ఆమె చేతికి వచ్చాయి. నల్లతెరలు లాగింది. నాలుగో బల్ల మీద సోడియం దీపం స్విచ్చి వేసింది. అది గులాబీ రంగులో నిద్ర లేస్తుంటే, పక్కన కుర్చీ వేసుకుని కాగితం తీసింది. ఏ అర్హత అని అడిగారు కదా. చాలా రాయొచ్చు. ఎన్నేళ్ళ సర్వీసో రాయొచ్చు. మొదట రాసిన నాలుగు వాక్యాలు కొట్టేసింది.

దీపం పూర్తిగా పసుపెక్కింది. ఆమె లేచి కన్ను పెట్టి, ఎడమా కుడీ చదివి, సగం చేసి, వచ్చి కూర్చుని రాసింది.

'నాలుగో బల్ల. పదిహేడు డిగ్రీల ఎనిమిది నిమిషాలు. దీపం వెలుగుతూనే ఉంది. వచ్చి చూసుకోండి.'

సంతకం పెట్టి, కాగితం తీసుకుని హెడ్డుగారి గదివైపు నడిచింది.